పిల్ల సరిహద్దు దాటితే కబురు కూడా దాటాలి: ఒడిశా మంత్రిగారికి బహిరంగ లేఖ

ఒడిశా మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను పర్లాకిమిడిలో తెలుగు టీచర్‌ని. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు ఒడిశాలోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయింది. పెళ్లి సంబంధాలు, కూలి పనులు మాత్రం ఎప్పటిలాగే అటూ ఇటూ సాగుతున్నాయి. పిల్లల వివరాలే సరిహద్దు దాటడం లేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి వరసగా బడి మానేసిందనుకోండి. హాజరు పట్టీలో అది మాకు కనిపిస్తుంది. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయని ఆశా కార్యకర్త చెవిన పడుతుంది. అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా అని అంగన్‌వాడీ టీచరుకు తెలుస్తుంది. ముగ్గురికీ తలో ముక్క తెలుసు, కానీ ముగ్గురివీ వేర్వేరు ఆఫీసులు. అవన్నీ ఒకచోట చేరేసరికి అటువైపు పందిట్లో తాళి కట్టేస్తారు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ పెళ్లిని ముందే ఆపించవచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి అసలు చెల్లదు. ఇంత బలమైన చట్టమైనా, కబురు ముందుగా అందితేనే కదా పనికొచ్చేది!

అందుకే గజపతి, శ్రీకాకుళం జిల్లాల బాలల రక్షణ విభాగాల్లో చెరొక అధికారికి ఇలాంటి కబుర్లు అటూ ఇటూ అందించే పని అప్పగించాలి. ఒకవైపు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వచ్చిన ఫోన్ సంగతి ఆ రోజే రెండోవైపు తెలియాలి. ఫారాలు ఒడియా, తెలుగు రెండింట్లోనూ ఉండాలి.

పోక్సో నేరమైతే, అంటే పిల్లలపై లైంగిక నేరమైతే, తెలిసినవాళ్లు చెప్పి తీరాలని చట్టమే అంటోంది. మిగతా విషయాల్లో చెబితే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో చాలామంది నోరు మెదపరు. ఎవరికి ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో రాతపూర్వకంగా ఇవ్వండి. టీచరుకు పిల్ల క్షేమంగా ఉందని తెలిస్తే చాలు, ఆస్పత్రి వివరాలు అక్కర్లేదు. పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయంటే ఆ కుటుంబం ఊళ్లో తలెత్తుకోలేదు, ఇంకో కుటుంబం మమ్మల్ని నమ్మదు.

కబురు అందగానే ఇంటి ముందుకు పోలీసు జీపు పంపడమే మార్గం కాదు. హైస్కూలు దూరమని, ఇంట్లో గడవక చదువు మాన్పించే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లకు ముందు హాస్టల్ సీటు చూపించండి, స్కాలర్‌షిప్ ఇప్పించండి.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఆంధ్రప్రదేశ్ మంత్రిగారితో మాట్లాడి, రెండు జిల్లాలకూ కలిపి ఉత్తర్వులు ఇప్పించాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా