పాపువా న్యూగినీలోని మాస్టారికి, మా అమ్మ తరఫున

రాత్రంతా నిద్ర లేదు. నాకూ లేదు, అమ్మకీ లేదు. మా తాతయ్య కోసం అక్కడి సమాధుల దగ్గర మాస్టారు చేసినదానికి దండం పెట్టాలని, ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేనేమోనని కళ్లు మండుతున్నా కూర్చున్నాను. ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి.

మా అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళంలో పనిచేశాడు. నరసన్నపేట దగ్గర మా పల్లె నుంచి బెంగళూరు వెళ్లి సైన్యంలో చేరాడు, అక్కడి నుంచి మలయా, అంటే ఇప్పటి మలేషియా వైపు పంపారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సైన్యం జపాన్‌కి లొంగిపోయినప్పుడు పట్టుబడిన వేలాది భారతీయ సిపాయిల్లో ఆయనొకడు. అప్పటికి అమ్మ పాకుతోందట. ఆ తర్వాత ఇంటికి వచ్చినవి రెండే కాగితాలు. ఆచూకీ లేదని ఒకటి, ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న న్యూగినీ దీవిలో ఖైదీగా ఉండగా చనిపోయినట్టు భావిస్తున్నామని యుద్ధం అయ్యాక ఇంకొకటి. తేదీ లేదు, చోటు లేదు. అమ్మమ్మ ఆ రెండో కాగితాన్ని నమ్మలేదు. "వాళ్లు అనుకుంటే సరా, నేను అనుకోవద్దా" అనేది. పోయేదాకా బొట్టు తీయలేదు, పసుపు మానలేదు. తిథి తెలియదు కాబట్టి మా ఇంట్లో తాతయ్యకి ఆబ్దికం లేదు. అమ్మమ్మ వెళ్లిపోయాకే అమ్మ ధైర్యం చేసి, ఏటా మహాలయ అమావాస్య నాడు ఆయన పేరు మీద స్వయంపాకం ఇవ్వడం మొదలుపెట్టింది.

న్యూగినీ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సింగపూర్‌లో పట్టుబడ్డ మనవాళ్లలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లలో వేలమందిని జపాన్ వాళ్లు ఓడల్లో కుక్కి దీవులకు కూలిపనికి తోలుకుపోయారు. 1943లో న్యూగినీ ఉత్తర తీరాన ఉన్న వేవాక్‌కి దింపింది దాదాపు మూడు వేలమందిని. యుద్ధం ముగిసేసరికి ప్రాణాలతో మిగిలింది రెండు వందలమంది. మిగతావాళ్లు తిండి లేక, మలేరియాతో, బెరిబెరితో, దెబ్బలకి పోయారు. బతికి బయటపడ్డ చింత్ సింగ్ అనే జమేదారు తర్వాత యుద్ధనేరాల విచారణలో సాక్ష్యం చెప్పబట్టి ఈమాత్రమైనా లోకానికి తెలిసింది. యుద్ధమయ్యాక బుట్ అనే చోటు నుంచి వేవాక్ దాకా ఆ తీరం వెంట దొరికిన అస్థికల్ని తెచ్చి న్యూగినీలోనే ఉన్న లే (Lae) అనే పట్టణంలోని యుద్ధ సమాధుల్లో పెట్టారు. అక్కడ మొత్తం రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు సమాధులుంటే, 444 మంది ఎవరో తెలియదు. ఆ పేరు లేనివాళ్లలో ఎక్కువమంది ఆ తీరంలో దొరికినవాళ్లే, కూలిపని చేస్తూ ప్రాణం వదిలిన మన సిపాయిలు.

తాతయ్య పేరు మాత్రం సింగపూర్‌లో ఉంది. క్రాంజీ స్మారకంలో, సమాధి తెలియని ఇరవై నాలుగు వేల మందికి పైగా పేర్లు చెక్కిన స్తంభాల్లో ఒకదాని మీద. ఇంటిపేరు ఎగిరిపోయింది, స్పెల్లింగ్ తారుమారయింది. రికార్డులో ఊరి పక్కన విజగపటం (విశాఖపట్నం) జిల్లా అని ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో కదా వచ్చింది. అస్థికలు న్యూగినీలో ఉంటే లేలోనే ఉండాలి, కానీ ఏ రాయి కిందో ఎవరూ చెప్పలేరు.

అమ్మకి ఎనభై దాటాయి. అంత దూరం తీసుకెళ్లడం మా వల్ల కాదు. లేలో ఉన్న టెక్నాలజీ యూనివర్సిటీలో మనవాళ్లు పాఠాలు చెబుతారని విని, ఎవరు చూస్తారో తెలియకుండానే ఒక మెయిల్ పెట్టాను. ఒక్క ఫొటో తీసి పంపితే చాలని అడిగాను. ఆ రాత్రే జవాబు వచ్చింది. మలయాళీ మాస్టారు, కొట్టాయం వైపు వారట. "ఫొటో ఎందుకమ్మా, ఏ రోజు వెళ్లాలో చెప్పండి, మీ అమ్మగారికి ఫోన్‌లో చూపిస్తాను" అన్నారు.

ఈసారి మహాలయ అమావాస్య ఆదివారం పడింది. మాకు తెల్లవారుతుండగా ఆయనకి అక్కడ పది గంటలు. అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుతోనే ఫోన్ ముందు కూర్చుంది. మాస్టారు క్రైస్తవులు. ఆదివారం ప్రార్థన మానుకుని వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు గేటు దగ్గరే వదిలేసి, ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్, జేబులో నువ్వుల పొట్లం. ముందుగా అమ్మని ఒకటే అడిగారు, ఈ పని చేయడానికి తనకి అర్హత ఉందా అని. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, "ఆకలితో, దాహంతో పోయాడు నాయనా. నీళ్లు ఎవరు పోస్తే ఏం" అంది.

ఒక రాయి దగ్గర నాలుగు చుక్కలు వదిలి వచ్చేస్తారనుకున్నాం. ఆయన అలా చేయలేదు. ఏ రాయి కింద ఉన్నారో తెలియనప్పుడు ఒక్కచోట పోస్తే మిగతాది వదిలేసినట్టేనని, ఆ వరసల్లో పేరు లేని భారతీయ సిపాయి రాయి ప్రతిదాని దగ్గరా వంగి, తాతయ్య పేరు పలికి, నువ్వులు కలిపిన నీళ్లు పోశారు. ప్రతి రాయి దగ్గరా! పేరు సరిగ్గా పలకాలని ముందు రోజు నా చేత రికార్డు చేయించుకుని సాధన చేశారట. మధ్యలో వాన వచ్చింది. ఆగలేదు. నడుం పట్టుకుని నిలబడడం, మళ్లీ వంగడం మాకు కనబడుతూనే ఉంది. మూడు గంటలు దాటింది. "చాలు బాబూ, చాలు" అని అమ్మ చేతులు జోడిస్తూనే ఉంది. ఆయనకి తెలుగు రాదు, నవ్వి పక్క రాయి దగ్గరికి వెళ్లేవారు. చివరికి ఫోన్ గడ్డి మీద ఆ రాళ్ల వైపు తిప్పి పెట్టి, అమ్మ తన నాన్నతో మాట్లాడుకోవాలని దూరంగా వెళ్లి నిలబడ్డారు. అమ్మ ఏం మాట్లాడిందో ఇక్కడ రాయను.

మాస్టారూ, పేరు పెట్టొద్దన్నారు, పెట్టడం లేదు. మా ఇంట్లో పుట్టిన ఏ కొడుకూ చేయనిది మీరు చేశారు. ఏ మాట రాసినా చిన్నదిగానే ఉంది.

ఇంట్లోవాళ్లకి వేరే చెప్పేదేముంది. తమ్ముడు తర్పణాలు వదిలాడు, మావారు సెలవు పెట్టి పనులన్నీ చూసుకున్నారు.

ఒక్క మాట అనకపోతే మనసు ఊరుకోదు. మన దగ్గర ఒక ఆఫీసుకి ఈ కాగితాలు పట్టుకెళ్తే డెత్ సర్టిఫికెట్ ఒరిజినల్ తెమ్మన్నారు. ఇంకో ఆఫీసు మా ఉత్తరానికి జవాబే ఇవ్వలేదు. ఇండియా గేట్ మీద మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్నాయి. 2019లో ఢిల్లీలో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం మీద 1947 తర్వాత పోయినవాళ్లవి ఉన్నాయి. నడుమ పోయిన మా తాతయ్యలాంటివాళ్లు రెండిటి మీదా లేరు. అమెరికావాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో అరుణాచల్ కొండల్లో కూలిన తమ వైమానికుల అవశేషాల కోసం డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మనుషుల్ని పంపి వెతికించారు, 2016లో కొన్నిటిని గౌరవంగా తీసుకెళ్లారు. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన 54 మంది మన సైనికుల ఇళ్లలో ఈ రోజుకీ ఎదురుచూస్తున్నారు. ఆ ఇళ్లవాళ్లకి ఆయుష్షు ఎంతని?

అయ్యో, అసలు మనిషిని మరిచాను. బెంగళూరులో రిటైరైన సుబేదార్ గారు. "పేరుతో వెతక్కండి, పేరు ఎలాగైనా రాస్తారు, సిపాయి నంబరు మాత్రం మారదు" అని చెప్పింది ఆయనే. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టాకే దొరికింది. మీ ఇళ్లలో కూడా పాత ట్రంకుపెట్టెలో ఇలాంటి కాగితం ఉంటే నంబరు చూడండి. వెతకడం రాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేను వెతికి పెడతాను.

క్రాంజీ వెళ్లి ఫొటో తీసి పంపిన సింగపూర్ తెలుగు అమ్మాయికి, లేలో మాస్టారికి కొళాయి చూపించి తను కూడా బకెట్లు మోసిన తోటమాలికి, తడిసిన మాస్టారికి గొడుగు పట్టిన వాళ్లావిడకి దండాలు. చెదలు తిన్న కాగితాన్ని స్కాన్ చేసి నంబరు కనబడేలా చేసి, డబ్బులు వద్దన్న నరసన్నపేట ఫొటో స్టూడియో కుర్రాడికీ.