పంచాంగం చూసి ఆకాశం చూడు

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

హాస్టల్ మేడ మీద నుంచి ఆకాశం చక్కగా కనిపిస్తోందని, ఏ టెలిస్కోపు కొంటే మంచిదని రాశావు. అంతకంటే ముందు, ఒక నెల పాటు చంద్రుణ్ణి వట్టి కంటితో అనుసరించమని నా కోరిక. అతడు నక్షత్రాల మధ్య రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది దాదాపు 10 డిగ్రీల మేర ఆకాశాన్ని కప్పుతుంది కనుక, ఈ కదలికను కొలవడానికి వేరే సాధనం అక్కరలేదు.

ఆ చుట్టు పూర్తి కావడానికి 27 రోజుల ఎనిమిది గంటలు పడుతుంది. మన పెద్దలు చంద్రుడి దారిని 27 నక్షత్రాలుగా విభజించుకున్నది అందుకే. పంచాంగంలో రోహిణి అని ఉన్న రాత్రి చూస్తే, చంద్రుడి దాపునే ఎర్రటి రోహిణీ తార కనిపిస్తుంది. మఘను, చిత్తను, జ్యేష్ఠను కూడా ఇలాగే పోల్చుకోవచ్చు. స్వాతి మాత్రం ఆ దారికి చాలా ఉత్తరంగా ఉంటుంది కాబట్టి, చంద్రుడి పక్కన దానిని వెతకవద్దు.

చంద్రుడి మీది గోతులను చూడటానికి పౌర్ణమి అనువైనది కాదు. ఆనాడు సూర్యకాంతి మనం చూసే వైపు నుంచే పడుతుంది కనుక నీడలు కనిపించవు. శుక్లపక్ష అష్టమి ప్రాంతంలో, వెలుగు చీకట్ల సరిహద్దు వెంట నీడలు పొడవుగా సాగి, గోతుల అంచులు స్పష్టంగా తేలుతాయి. మోచేతులు పిట్టగోడకు ఆనించి మామూలు బైనాక్యులర్‌తో చూసినా చాలు.

గ్రహాలకు మరింత ఓపిక కావాలి. గురుడు ఒక్కో రాశిలో సుమారు ఏడాది ఉంటూ పన్నెండేళ్లకు కొంచెం తక్కువలో చుట్టు ముగిస్తాడు. మన నదుల పుష్కరాలు ఆ గమనాన్ని బట్టి వచ్చేవే. 2015లో గోదావరి పుష్కరాలు జరిగినప్పుడు సింహరాశిలో ప్రవేశించిన గురుడు 2027లో మళ్లీ అక్కడికి చేరుతాడు. ఆ జూన్ చివర వానకాలపు మబ్బులు విడిస్తే, సూర్యాస్తమయం తరువాత పడమటి దిక్కున మఘకు పిడికిలి దూరంలోపే అతణ్ణి చూడగలవు. నీతో కలిసి చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, సమయం, చంద్రుడికి దగ్గరలోని తార, వాటి మధ్య దూరం రాస్తూ ఉండు. మబ్బు పట్టిన రాత్రి మబ్బు అని రాయి. ఖాళీ వదిలితే, ఆ రాత్రి నువ్వు చూడలేదో, చూసినా కనిపించలేదో తరువాత తెలియదు.

ఆశీస్సులతో,
నాన్న