కట్టుడు పళ్ళు అమర్చి ఊరుకుంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

నోటి ఆరోగ్యం పేరిట పత్రికల్లో వచ్చే సలహాలు దాదాపు అన్నీ ఉన్న పళ్ళను కాపాడుకోవడం గురించినవే. పళ్ళు పోయి, కట్టుడు పళ్ళతో నెట్టుకొస్తున్నవారి నోటి సంగతి ఎవరికీ పట్టడం లేదు. పళ్ళు పోయినవారు కొద్దిమందేమీ కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 60 ఏళ్ళు పైబడినవారిలో సుమారు 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. కొన్ని పళ్ళు మాత్రమే పోయినవారు దీనికి అదనం.

పుచ్చిపోవడానికి అసలు పళ్ళే లేనప్పుడు ఇక శుభ్రం చేయవలసిందేముంది అనే భావన చాలామందిలో ఉంది. అది పొరపాటు. పళ్ళ సెట్టును ఎక్కువగా అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో తయారుచేస్తారు. కంటికి అది నున్నగానే కనిపించినా దానిలో సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. పాచి అక్కడే పేరుకుంటుంది, క్యాండిడా అనే ఫంగస్ అందులోనే పెరుగుతుంది. అంగిలి మీద సెట్టు ఆనిన మేరకు ఎర్రబారి వాచే జబ్బును దంతవైద్యులు డెంచర్ స్టొమటైటిస్ అంటారు. అసలు చిక్కేమిటంటే, చాలామందికి దానివల్ల నొప్పి గానీ మంట గానీ ఉండదు; నొప్పి లేకపోతే మనం వైద్యుడి గడప తొక్కం. మధుమేహం ఉన్నవారికీ, మందుల వల్ల నోరు ఎండిపోయేవారికీ, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారికీ ఈ బెడద మరింత ఎక్కువ.

రాత్రిపూట సెట్టు తీయకుండా పడుకోవడం ఇంకొక దురలవాటు. జపాన్‌లో 85 ఏళ్ళు, ఆ పైబడిన 524 మందిని దాదాపు మూడేళ్ళపాటు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కట్టుడు పళ్ళతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా వచ్చే ముప్పు సుమారు రెట్టింపు ఉన్నట్టు కనబడింది. ఒక్క అధ్యయనంతో కార్యకారణ సంబంధం రుజువైందని అనలేం గాని, నిద్రలో నోటిలోని సూక్ష్మక్రిములు లాలాజలంతో పాటు ఊపిరితిత్తులలోకి జారే అవకాశం ఉన్నదే కాబట్టి ఆ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. అయితే సెట్టు తీయకపోవడానికి కారణం ప్రతిసారీ అజ్ఞానం కాదు. బోసినోటితో జీవిత భాగస్వామికి సైతం కనబడడానికి మొహమాటపడేవారున్నారు. ఆ మొహమాటాన్ని గుర్తించి మాట్లాడే వైద్యులు అరుదు.

శుభ్రం చేసేవారిలోనూ పద్ధతి తెలిసినవారు తక్కువే. మామూలు టూత్‌పేస్టుతో గట్టిగా తోమితే అక్రిలిక్ మీద గీతలు పడి పాచికి మరింత చోటు దొరుకుతుంది. మెత్తని బ్రష్షు, గరుకుదనం లేని సబ్బు లేదా సెట్ల కోసమే తయారుచేసిన ద్రావణం వాడాలి. మరిగే నీళ్ళలో వేస్తే క్రిములు చస్తాయేమో గాని సెట్టు వంకరపోయి మళ్ళీ నోట్లో కుదురుకోదు. బ్లీచ్ కలిపిన నీటిలో 10 నిమిషాలకు మించి నానబెట్టవద్దని కట్టుడు పళ్ళ నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రాస్థోడాంటిస్ట్స్ 2011లో ప్రచురించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోహపు కొక్కేలున్న సెట్టుకు బ్లీచ్ అసలే పనికిరాదు. సెట్టు శుభ్రపడడానికి నీళ్ళలో వేసే బిళ్ళలు మంచివే గాని, అవి బ్రష్షు చేసే పని చేయవు. నానబెట్టిన తరువాత బాగా కడగకుండా నోట్లో పెట్టుకోకూడదు. రాత్రి తీసిన సెట్టును పొడిగా వదిలేయక నీటిలో ఉంచాలి. సెట్టు ఒక్కదాన్నీ కడిగి ఊరుకోకుండా చిగుళ్ళనూ, అంగిలినీ, నాలుకనూ కూడా మెత్తని బ్రష్షుతోనో తడిగుడ్డతోనో తుడుచుకోవాలి.

ఇవేవీ పాటించడం లేదని రోగులను నిందించడం నా దృష్టిలో అన్యాయం. ఈ మాటలన్నీ వారికి సాధారణంగా ఒకే ఒక్కసారి, సెట్టు అమర్చిన రోజున, నోటిమాటగా చెబుతారు. నోరంతా నిండిపోయినట్టుండి, లాలాజలం ఊరుతూ, మాట తడబడుతున్న ఆ పూట ఎవరి చెవికి ఏమెక్కుతుంది? ఆపైన మళ్ళీ రమ్మనేవారుండరు. పళ్ళు పోయిన దవడ ఎముక ఏటికేడాది అరిగిపోతూనే ఉంటుంది కనుక సెట్టు వదులవుతుంది. వదులైన సెట్టు ఒరుసుకుని పుండ్లు పడతాయి. రోగి అతికించే క్రీము కొనుక్కుని సర్దుకుపోతాడు. ఏడాదికొకసారైనా దంతవైద్యుడు చూస్తే సెట్టు సరిచేయడంతో పాటు, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే అది క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికీ వీలుంటుంది.

కాబట్టి, సెట్టు ఇచ్చేటప్పుడే శుభ్రం చేసే పద్ధతిని చేసి చూపించి, రోగి భాషలో పెద్ద అక్షరాలతో అచ్చువేసిన కాగితం చేతికివ్వాలి. తరువాత వచ్చినప్పుడు ‘శుభ్రం చేస్తున్నారా’ అని కాక, ‘ఎలా చేస్తున్నారో చేసి చూపండి’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు అందరూ అవుననే అంటారు.

ఆసుపత్రి వార్డులలోనూ, వృద్ధాశ్రమాలలోనూ పరిస్థితి ఇంకా అధ్వానం. మంచం పట్టిన మనిషికి స్నానం చేయించడం ఎవరి పనో అందరికీ తెలుసు. పళ్ళ సెట్టు తీసి కడగడం మాత్రం ఎవరి పనీ కాదు. శస్త్రచికిత్సకు ముందు తీసి కాగితంలో చుట్టిపెట్టిన సెట్టు చెత్తబుట్ట పాలైతే, ఆ రోగి కొత్తది వచ్చేదాకా జావతోనే కాలం గడపాలి. చేరిక పత్రంలో కట్టుడు పళ్ళు ఉన్నాయా అనే ఒక గడి, రోగి పేరు రాసిన మూత డబ్బా, రాత్రి విధుల్లో ఉన్న సిబ్బంది పనుల జాబితాలో ఒక వరుస చేర్చడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. సెట్టు తయారయ్యేటప్పుడే దాని లోపలి వైపు రోగి పేరు అమర్చే పద్ధతి దంతవైద్యంలో ఎప్పటినుంచో ఉంది, అడిగితే చేస్తారు. ఆ సంగతి రోగులకు ముందుగా చెప్పే బాధ్యతనైనా దంతవైద్యుల సంఘాలు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు