టైమ్ బాగాలేదు

చిన్నా,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే ఏదో జరిగిందని అర్థమైంది. థీసిస్‌లో రెండో అధ్యాయం తీసేస్తే వైవా సాఫీగా అయిపోతుందని మీ గైడ్ గారు అన్నారన్నావు. ఎందుకని అడిగితే "టైమ్ బాగాలేదు" అన్నారట. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కదా, నాకు ఏ కాలమూ బాగున్నట్టు కనబడలేదు.

నేనేమో "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాను. అది జవాబు కాదు. అందుకే రాస్తున్నా.

1931లో ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం ప్రొఫెసర్లందరినీ ఒక ప్రమాణపత్రం మీద సంతకం పెట్టమంది. రాజుకే కాదు, ఫాసిస్టు పాలనకూ విధేయంగా ఉంటామని. ఉన్నది దాదాపు 1,200 మంది. పెట్టం అన్నవాళ్లు ఓ డజను మంది. మిగతావాళ్లంతా ఫాసిస్టులా? కానే కాదు. మనం కుర్చీ ఖాళీ చేస్తే అందులో వాళ్ల మనిషి కూర్చుంటాడు, ఉంటేనే పిల్లలకు నాలుగు మంచి ముక్కలు చెప్పగలం అనుకున్నవాళ్లు చాలామంది. ఫాసిజాన్ని బాహాటంగా వ్యతిరేకించిన తత్వవేత్త బెనెడెట్టో క్రోచే కూడా కొందరికి ఉద్యోగం వదలొద్దనే సలహా ఇచ్చాడు. ఆ వాదనను నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను, నెలనెలా పెన్షన్ తీసుకుంటున్నదాన్ని. కానీ 1938లో జాతి చట్టాలు వచ్చినప్పుడు యూదు ప్రొఫెసర్లను ఉద్యోగాల నుంచి గెంటేశారు. ఏడేళ్ల కిందట సంతకం పెట్టినవాళ్లనూ వదల్లేదు.

నా సంగతి ఇంతవరకు నీకు చెప్పలేదు. నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు మా సిలబస్ కమిటీకి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశాడు, ఫలానా వ్యాసం చదివించొద్దని. సర్క్యులర్ లేదు, కాగితం లేదు. ఐదుగురం కూర్చుని, టీ తాగి, ఆ వ్యాసం "పాతబడింది" అని మినిట్స్‌లో రాసి తీసేశాం. నేను ఏటా ఇష్టంగా చెప్పే పాఠం అది. నేనూ సంతకం పెట్టాను. అసలు సిగ్గుపడాల్సింది దానికి కూడా కాదు. మరుసటి ఏడాది ఇంకో పాఠాన్ని నా అంతట నేనే మానేశాను. దానికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. వాళ్లకు ఆ శ్రమ కూడా లేకుండా చేశాను.

ఇది ఒక పక్షానికే ఉన్న జబ్బు అనుకోకు. దేశదేశాలు తిరిగి విత్తనాలు సేకరించిన సోవియట్ శాస్త్రవేత్త వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు, 1943లో జైల్లోనే పోయాడు. జన్యుశాస్త్రమే తప్పని వాదించిన వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకో మాటే 1948లో కమ్యూనిస్టు పార్టీ మాట అయ్యాక అక్కడి యూనివర్సిటీల్లో జన్యుశాస్త్రం చెప్పడమే ఆగిపోయింది. అంత దూరం ఎందుకు, మాకు గిట్టని ఒక వక్త ఉపన్యాసం రద్దయిన రోజు స్టాఫ్ రూమ్‌లో నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మీ గైడ్ గారి మీద కోపం పెంచుకోకు. ఆయనా ఎవరి ఫోనో అందుకుని ఉండొచ్చు. ఒక్కటి మాత్రం తేల్చుకో. ఆ అధ్యాయంలో ఆధారం బలహీనంగా ఉందా, లేక అది ఎవరికో నచ్చదా? మొదటిదైతే ఆయన మాట వినాల్సిందే. స్వేచ్ఛ పేరు చెప్పి నోటికొచ్చింది రాయడం కుదరదు. అమెరికా ప్రొఫెసర్ల సంఘం 1940లో చేసిన ప్రకటన కూడా సబ్జెక్టుతో సంబంధం లేని వివాదాలు క్లాసులోకి తేవొద్దనే చెప్పింది. రెండోదైతే, ఆ మాటే మెయిల్‌లో రాసి పంపమని మర్యాదగా అడుగు. "టైమ్ బాగాలేదు" అని కాగితం మీద పెట్టడానికి చాలామందికి చెయ్యాడదు.

ఫెలోషిప్ ఆగిపోతుందేమోనని నీ టెన్షన్. ఆగితే ఏం చెయ్యాలో మీ నాన్నా నేనూ మాట్లాడుకున్నాం, ఓ ఏడాది నెట్టుకురాగలం. అయినా తీసేస్తానంటే నేనేమీ అనను. అనే హక్కు ఆ టీ తాగిన రోజే పోగొట్టుకున్నాను.

ఈలోపు ఆ అధ్యాయం నాకు పంపు, ఫుట్‌నోట్లతో సహా. ఆధారం ఎక్కడ పలచబడిందో నేనూ చూస్తాను. నా ఎర్ర పెన్ను ఇంకా రాస్తోంది.

అమ్మ