సోడాకి, నగానో మంచులోంచి

ఒరేయ్ సోడా,

తిట్టు, ఎంత తిట్టినా పడతాను. నువ్వు దసరాకి రాస్తే నేను సంక్రాంతి దాటాక జవాబు రాస్తున్నాను. మొదలుపెట్టి చింపేసినవి మూడున్నాయి. ఎందుకు చింపానో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

మామూలు కబుర్లు గబగబా కానిచ్చేస్తా. ఒళ్లు బాగుంది. మంచు మోకాలిదాకా పడింది. అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా అడుగుకొచ్చింది. ఇక్కడ జపాన్ బళ్లలో ఐదు, ఆరు తరగతులకి 2020 నుంచి ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు, ఆ చలవతోనే నా ఉద్యోగం నడుస్తోంది. పెళ్లి మాట అమ్మే నీచేత అడిగించిందని తెలుసు, అది తర్వాత. ఆ, మా తాతగారి గొడుగు లాంటిదే ఇక్కడ ఒకటి కనపడింది! రోడ్డు మీద ఒక్కణ్ణే నిలబడి నవ్వాను. పక్కన నువ్వు లేకపోతివి.

ఇక అసలు సంగతి. నెల రోజులుగా బళ్లో మరుగుదొడ్లు కడుగుతున్నాను.

ఆగు, పూర్తిగా విను. ఇక్కడ పిల్లలే బడి శుభ్రం చేసుకుంటారని ఫోన్లో చెప్పాను కదా. దాన్ని సోజీ అంటారు. అన్నాలయ్యాక పావుగంటో ఇరవై నిమిషాలో, రోజూ చేస్తారు. బల్లలన్నీ ఒక పక్కకి జరిపి, పాత తువ్వాలు మడిచి కుట్టిన గుడ్డ రెండు చేతులకింద పెట్టుకుని, నడుం పైకెత్తి వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిగెడుతూ తుడుస్తారు. ఆ గుడ్డ పేరు జోకిన్. ఒకటో తరగతి నుంచి ఆరు దాకా కలిపి జట్లు కడతారు, పెద్దవాడు చిన్నవాడికి నేర్పాలి. మా బళ్లో ఇంకో నియమం కూడా ఉంది: ఆ కాసేపూ ఎవ్వరూ నోరు విప్పకూడదు. అంతమంది పిల్లలుంటారు, అయినా నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

మొదట్లో నేను స్టాఫ్‌రూములోనే కూచునేవాణ్ణి. విదేశీ టీచర్ని కదా, ఎవరూ ఏమీ అనలేదు. జనవరిలో సెలవులయ్యాక నేనే వెళ్లి ఉపప్రధానోపాధ్యాయుణ్ణి అడిగాను, నన్నూ ఒక జట్టులో వెయ్యండని. ఆయన కాగితం చూసి, కింది అంతస్తు మగపిల్లల మరుగుదొడ్డి దగ్గర ఒకరు తక్కువున్నారన్నారు. చాలా మామూలుగా అన్నారు, మొహంలో ఏ తేడా లేదు.

మా జట్టులో ఆరుగురు పిల్లలు. మొదటిరోజు గుడ్డ తడిపి, మనం లుంగీ పిండినట్టు అడ్డంగా పట్టుకుని మెలిపెట్టాను. ఒకటో తరగతి పిల్లాడు, నా నడుం దాకా కూడా రాడు, గుర్రుగా చూశాడు. మాట్లాడకూడదు కదా! దగ్గరికొచ్చి నా చేతుల్లోంచి గుడ్డ తీసుకుని, నిలువుగా, కర్ర పట్టుకున్నట్టు ఒక చెయ్యి పైన, ఒకటి కింద పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి పిండి చూపించాడు. మళ్లీ నా చేతిలో పెట్టాడు. నా వేళ్లు ఒక్కొక్కటే సరిచేశాడు. పిండితే అప్పటిదాకా రాని నీళ్లు కారాయి. వాడు తల ఊపి తన పనిలోకి వెళ్లిపోయాడు.

తలెత్తి చూస్తే హెడ్మాస్టరుగారు, అరవైకి దగ్గర్లో ఉంటారు, చొక్కా చేతులు పైకి మడుచుకుని మోకాళ్లమీద కూచుని పక్క దొడ్డి రుద్దుతున్నారు. ఆయన్నెవరూ వింతగా చూడటం లేదు. అక్కడ నాకు ఊపిరాడలేదురా. బ్లీచింగు వాసన వల్లేమో అనుకున్నాను, కాదు.

మన ఐదో తరగతి గుర్తొచ్చింది. ప్రార్థన అవగానే పేటలోంచొచ్చే మీ ముగ్గుర్నే పిలిచేవాళ్లు. చీపుళ్లు మీకు, దొడ్లకి నీళ్ల బకెట్లు మీకు. మేం పలకలు పట్టుకుని ఎదురుచూసేవాళ్లం, మీరు ఊడ్చేదాకా లోపలికి రాకూడదు కాబట్టి. మీ అమ్మ ఒకసారి బడికొచ్చి "మావాడికే ఎందుకయ్యా చీపురు?" అనడిగితే, మాస్టారు "వాడికి అలవాటేగా" అన్నాడు. నేను కిటికీ పక్కనే ఉన్నాను. ఇంకోటుంది. నువ్వు ఊడ్చిన వరండాలో నేను వేరుశెనక్కాయల తొక్కలు పోశాను. కావాలనే. నువ్వు నావైపు చూసి మళ్లీ ఊడ్చావు. ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి గోలీసోడా తాగాం, నీకు ఆ పేరొచ్చిందీ ఆ రోజే. తొక్కల మాట ఇన్నేళ్లలో నువ్వెత్తలేదు, నేనూ ఎత్తలేదు. తప్పురా అది. క్షమించు. ఈ రెండు మాటలు రాయలేకే మూడు ఉత్తరాలు చింపాను.

ఇదంతా స్వర్గమని రాయడం లేదు. ఇక్కడా తోలుపని, చావుపని చేసేవాళ్లని అంటరానివాళ్లుగా వెలివేసిన చరిత్ర ఉంది. 1871లో ప్రభుత్వం ఆ ముద్ర తీసేసింది కానీ, మనుషులు తియ్యలేదు. అందుకే 1922లో వాళ్లే క్యోటోలో సుయిహేషా అని సంఘం పెట్టుకుని నిలబడ్డారు. దీని గురించి తోటి టీచర్ని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. అయినా ఈ బళ్లో డాక్టరు కొడుకూ ఆ దొడ్డే కడుగుతాడు, రేపు ఇంకొకడు కడుగుతాడు. జాబితా ప్రకారం వంతు మారుతుంది, అంతే.

పని అయ్యాక జట్టంతా వరసగా నిలబడతాం. ఆరో తరగతి లీడరు అడుగుతాడు, ఇవాళ ఏం బాగా చేశాం, ఏం మిగిలిపోయిందని. మొదటిరోజు నా వంతొచ్చినప్పుడు జపనీసులో ఒక్క ముక్క రాలేదు. మిగిలిపోయింది అన్నమాట మాత్రం...

నువ్విప్పుడు ఆ మండలంలోనే మాస్టారివి. నాకో సంగతి రాయి: మీ బళ్లో చీపురు ఎవరి చేతిలో ఉంటోంది? నువ్వూ పట్టుకుంటున్నావా? నేను వేసవిలో వస్తాను కదా, అప్పుడు మనిద్దరం

అయ్యో, నాలుగూ నలభై! పోస్టాఫీసు ఐదింటికి మూసేస్తారు, మంచులో నడవాలి. మీ అమ్మకి చెప్పు, నేను

నీ,
గొడుగు