డాబా మీది నెత్తళ్ళు దస్తావేజులో కనపడవు

సంపాదకులకు నమస్కారం.

విశాఖ బీచ్ రోడ్డు పక్కన కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న ఒకాయన రాసిన ఉత్తరం పోయిన వారం మీ పేపర్లో చదివాను. ఎండు చేపల కంపుకి కిటికీలు తెరవలేకపోతున్నారట. నడిచే దారిలో వలలు పరిచేస్తున్నారట. తెల్లవారకుండానే బోటు ఇంజిన్ల చప్పుడుకి మెలకువ వచ్చేస్తోందట. ఇన్ని లక్షలు పోసి కొన్నది ఇందుకేనా, ఈ జాలర్లను ఇక్కణ్ణుంచి ఇంకెక్కడికైనా పంపించండి అని అధికారులకి మొర పెట్టుకున్నారు. ఆయన రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. వాసనా నిజమే, చప్పుడూ నిజమే. పెదజాలరిపేటలో డబ్బులిచ్చి ఇల్లు కొనుక్కుని వచ్చినదాన్నే నేనూ. మొదటి ఏడాది అచ్చం ఆయనలాగే మాట్లాడాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మా ఆయన వెల్డర్. అల్లిపురంలో 14 ఏళ్ళు అద్దెకున్నాం. ఓనరు ఏటా అద్దె పెంచడం, మేం ఏటా గొణుక్కోవడం. 2019లో ఒక బ్రోకరు పేటలో 48 గజాల్లో స్లాబు ఇల్లు ఉందన్నాడు. ఒక గది, వంటిల్లు, బయట బాత్రూము, పైకి ఇనప మెట్లు. డాబా ఎక్కితే ఎదురుగా సముద్రం! ఆ నీళ్ళు చూశాక నేను గోడల పగుళ్ళు చూడలేదు, ఒప్పుకుంటాను. అమ్మేవాళ్ళ అబ్బాయి చేపల పనికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళాడు, బోటు మీద అప్పు తీరక ఇల్లు అమ్ముతున్నారు.

పేటలో ఇల్లు కొనడం బజార్లో చీర కొన్నట్టు కాదు. చాలా ఇళ్ళకి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప ఇంకో కాగితం ఉండదు. తాతలు పాక వేశారు, తండ్రులు పెంకులు వేశారు, కొడుకులు స్లాబు వేశారు. నోటరీ కాగితం మీద చేతులు మారిపోతుంటాయి. కొన్నిచోట్ల డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి కాగితం, ఉంటుంది. అలాంటివి అమ్మకుండా 1977 నుంచీ చట్టం ఉంది, ఏ మినహాయింపు వర్తిస్తుందో తెలిసినవాళ్ళని అడక్కుండా బయానా ఇవ్వకూడదు. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే నిషేధించిన భూముల జాబితాలో, ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. మా అదృష్టం, మా ఇంటికి దస్తావేజు ఉంది. ఈసీ, అంటే ఇంటి మీద తాకట్లూ అమ్మకాలూ చూపే కాగితం, తీయిస్తే శుభ్రంగానే వచ్చింది. లింకు డాక్యుమెంటు (ఇల్లు ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజు) ఒకటి తగ్గిందని బ్యాంకువాళ్ళు మాత్రం లోను ఇవ్వలేదు. నా గాజులు, ఎత్తిన చీటీ, మా ఆయన పీఎఫ్, మా తమ్ముడి దగ్గర చేబదులు, అన్నీ కలిపితే 18 లక్షలు అయ్యాయి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర రూపాయలు వేరే. తర్వాత పైన ఒక గది వేద్దామంటే సీఆర్‌జెడ్, అంటే సముద్రతీరంలో కట్టడాల మీద ఉండే నిబంధనలు, అన్నారు. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు ఉంటాయని ఇల్లు కొన్నాక తెలిసింది. బ్రోకరుకి ముందే తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాడు.

దస్తావేజు రాసిన ముసలాయన సంతకాల ముందు మొత్తం చదివి వినిపించాడు. "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములను అష్టభోగములతో సహా" అని గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. అంటే ఏమిటండీ అని అడిగితే, నేలలో పాతిన నిధి దొరికినా, రాయి దొరికినా, నీరు పడినా నీదేనమ్మా, రేపు పుట్టబోయేది కూడా నీదే అన్నాడు. 48 గజాల్లో నిధి దొరుకుతుందా అని మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఆ మాటలు బాగా తలకెక్కాయి. అంతా నాదే.

గృహప్రవేశం అయిన మర్నాడు పొద్దున్నే ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే తూర్పు పక్కింటి మామ్మ, నెత్తిన గంప. మా డాబా మీద పాత వల పరిచి నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఆరబోస్తోంది. "ఏటి మామ్మా ఇది?" అన్నాను. "ఎండేత్తన్నానమ్మా" అంది, నేనేదో తెలియక అడుగుతున్నట్టు. ఆ డాబా పోసిన నాటినుంచీ ఆవిడ అక్కడే ఎండబెట్టుకుంటోంది. ఆవిడది రేకుల ఇల్లు, పైన జాగా లేదు. పాత ఓనరు కూతురి పెళ్ళికి మామ్మే చీటీ పాడి డబ్బిచ్చిందట. డాబా ఆవిడకి వదిలేయడం అప్పటి మాట. అది ఏ రిజిస్టరులోనూ లేదు.

నేను కస్టమర్ల బట్టలకి వాసన పడుతోందని మెట్ల దగ్గర గేటు పెట్టించి తాళం వేశాను. మా ఆయనే వెల్డింగ్ చేశాడు, ఆయనకి ఇష్టం లేకపోయినా. మామ్మ దెబ్బలాడలేదు. గంప తీసుకెళ్ళి ఇసకలో పరుచుకుంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కుక్కలు, మేకలు, కాకులు. ఒక చేత్తో కర్ర ఆడిస్తూ ఇంకో చేత్తో చేపల్ని తిరగేస్తోంది. మూడోనాడు సరుకు కొనే మనిషి వచ్చి, గుప్పెడు నెత్తళ్ళు తీసి అరచేతిలో రాపాడించి చూశాడు. చెయ్యి దులిపితే ఇసక రాలింది. ధరలో సగం కోసేశాడు. మామ్మ మాట్లాడకుండా డబ్బులు కొంగున ముడి వేసుకుంది.

ఆ వారమంతా మా వీధిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. కుళాయి దగ్గర నా బిందె వంతు దానంతటదే వెనక్కి పోయింది. అల్లిపురంలో అయితే పక్కవాటా వాళ్ళు ఏడాదిపాటు మాట్లాడకపోయినా మనకి తెలియదు. ఇక్కడ ఒక్క పూటకే తెలిసిపోతుంది. తాళం ఎప్పుడు తీశావని అడిగితే రోజు చెప్పలేను గానీ, తీశాను. మామ్మ ఏమీ జరగనట్టే మళ్ళీ మెట్లెక్కింది.

అప్పటినుంచి ఆ పని దగ్గర కూర్చుని చూశాను. నెత్తళ్ళు అంటే వేలెడు చేప, పక్కన వెండి జరీ అంచు లాంటి గీత. నీళ్ళలో రెండుసార్లు జాడించి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవాలి. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి. మంచి ఎండ కాస్తే మర్నాటికి గలగలమంటాయి. మామ్మ ఒకటి తీసి తల విరిచి చూస్తుంది. పటుక్కుమంటే అయినట్టు, వంగితే ఇంకో పూట. నా బ్లౌజుల కత్తిరింపు ముక్కలు దారానికి కట్టి కాకుల కోసం వేలాడదీసింది. పట్టు ముక్కలైతే ఎండకి మెరిసి కాకులు బాగా బెదురుతాయట, కాబట్టి పెళ్ళి బ్లౌజులు కుట్టినప్పుడల్లా ముక్కలు అడుగుతుంది. వాసన గురించి ఒక మాట. సరిగ్గా ఎండిన చేపకి ఉండే వాసన వేరు. మనం ముక్కు మూసుకునేది ఎండక కుళ్ళినదానికి, అదీ కింద తడి నేల మీద పరిచినప్పుడే ఎక్కువ.

2021 సెప్టెంబరు 26, గులాబ్ తుఫాను రోజు. ఫోన్లో చూస్తే తీరం దాటేది కళింగపట్నం దగ్గర అని ఉంది. మనకి చాలా దూరం కదా అని నేను మర్నాడు ఇవ్వాల్సిన బ్లౌజులకి హుక్కులు వేస్తూ కూర్చున్నాను. చీకటి పడే వేళకి మామ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "గాలి మారిపోనాది. ఆ మిసను మంచం మీద ఎట్టేయ్, గుడ్డలు అటక మీద పడేయ్" అంది. ఇంకేం వివరం లేదు. నేను తటపటాయిస్తుంటే మనవణ్ణి కేకేసి తనే మిషను ఎత్తించింది. ఆ రాత్రంతా విశాఖలో కుండపోత. సందులో నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చి, మంచం కోళ్ళ సగానికి నిలిచాయి. మిషను మోటారు తడవలేదు. పదకొండు పెళ్ళి బ్లౌజులు పొడిగా ఉన్నాయి. 2014 హుద్‌హుద్‌లో ఈ వీధి ఏమైందో మామ్మ ఆ రాత్రి చెప్పింది గానీ, అది ఆవిడ నోట వినాల్సిందే, నేను రాయలేను.

ఇక్కడ ఇల్లు కొనేవాళ్ళు ఇంకోటి తెలుసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లకి వేట నిషేధం. తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తప్ప అందరూ ఒడ్డునే. ప్రభుత్వం ఇచ్చే భృతి 10 వేలు ఉండేది, 2025లో 20 వేలు చేశారు. ఆ రెండు నెలలూ నా అప్పు పుస్తకం లావెక్కుతుంది. కూలి ఇవ్వలేక బ్లౌజు తీసుకెళ్ళనివాళ్ళు ఉంటారు. వేట మొదలయ్యాక ఎవరూ ఎగ్గొట్టలేదు, ఒక్కోసారి వడ్డీ కింద కానాగంతల చేపలు కూడా వస్తాయి.

ఫ్లాటు కొన్నాయన మీద నాకు కోపం లేదు. ఆయనకి బ్రోచర్లో అలలు చూపించారు, వలలు చూపించలేదు. మీ పేపర్లో ఆదివారం వచ్చే ఇళ్ళ ప్రకటనల్లో కూడా సముద్రం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఒక్క తెప్ప కనపడదు. పంపించేయమని అడిగేముందు ఆయన అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒడ్డున నడుమెత్తున సిమెంటు అరుగులో, వల బిగించిన బల్లలో కట్టించి, పక్కన ఒక కుళాయి పెడితే చేప త్వరగా ఎండుతుంది, ఇసక అంటదు, ఆడవాళ్ళకి ధర వస్తుంది, ఆయన కిటికీలోకి వచ్చే వాసనా తగ్గుతుంది. వలలు బాగుచేసుకోడానికి నీడగా ఒక షెడ్డు ఉంటే ఆయన నడిచే దారిలో పరవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఈ రెండూ కోరుతూ ఆయన ఒక అర్జీ రాస్తే, మా వీధిలో సంతకాలు నేను పెట్టిస్తాను. ఇంగ్లీషులో రాసినా పర్వాలేదు, అలాంటి అర్జీలు తొందరగా కదులుతాయంటారు.

బోట్ల చప్పుడుకి మాత్రం నా దగ్గర మందు లేదు. నాకు అలవాటైపోయింది, వేట లేని రోజు నిద్ర పట్టదు.

మొన్న మా వెనకిల్లు అమ్మకానికి వచ్చింది. బ్రోకరు మధురవాడ నుంచి ఒక జంటని తీసుకొచ్చాడు. బ్రోకరు సందు చివర ఫోన్లో ఉండగా నేను వాళ్ళని మా డాబా ఎక్కించాను. ఆరోజు కవళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. మామ్మ కర్ర పట్టుకుని గొడుగు కింద కూర్చుంది. ఆ అమ్మాయి ముందు సముద్రాన్ని చూసింది, తర్వాత కిందికి చూసి, "ఇలా రోజూ ఉంటుందా అండీ?" అంది. "ఎండ కాసిన రోజుల్లోనే" అన్నాను. మామ్మ ఆ అమ్మాయికి పిడికెడు నెత్తళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చింది. తీసుకున్నారు గానీ ఇంకా మళ్ళీ రాలేదు. బ్రోకరు మాత్రం నేను కనపడితే పలకరించడం మానేశాడు.

ఇట్లు,
ఒక కుట్టుపని మనిషి,
పెదజాలరిపేట, విశాఖపట్నం