హెడ్‌కి ఫేసింగ్ సరే, మరి బ్లాకు సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్ల పని చేస్తాను. ఎండలు ముదిరితే చాలు, హీటెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైమూత అయిన హెడ్‌కీ, సిలిండర్లుండే కింది దిమ్మె అయిన బ్లాకుకీ మధ్య వేసే పలచటి పలక) పోయిన బండ్లు వరసపెట్టి వస్తాయి. హెడ్‌ని లేత్ షెడ్డుకి పంపి ఫేసింగ్ చేయిస్తారు, అంటే దాని ముఖాన్ని చదును చేయిస్తారు, కొత్త గాస్కెట్ తెస్తారు. ఆ గాస్కెట్ కూర్చోవాల్సిన బ్లాకు ఫేసును మాత్రం చాలామంది చూడనే చూడరు.

మొన్న ఒక కూరగాయల వ్యాను వచ్చింది, ఏడాదిలో రెండుసార్లు గాస్కెట్ మార్చారట. హెడ్ దించి బ్లాకు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని ఉక్కు బద్ద) ఆనిస్తే రెండో, మూడో సిలిండర్ల మధ్య దాని కింద 0.15 మి.మీ. ఫీలర్ బ్లేడు (సందు కొలిచే పలచటి రేకు) సులువుగా దూరిపోయింది. చాలా ఇంజిన్లకి ఈ సందు 0.1 మి.మీ. దాటకూడదు, కొన్నింటికి 0.05 కూడా ఎక్కువే. అక్కడే గుండ్రటి గీతలు కూడా ఉన్నాయి. పాత గాస్కెట్ వదలట్లేదని గ్రైండర్‌కి గరుకు బిళ్ల తగిలించి రుద్దేశారన్నమాట. పని తొందరగా అవుతుంది, కాదనను, కానీ రుద్దిన చోట పల్లం పడుతుంది, ఆ రాలిన పొడి ఆయిల్ దారుల్లోకి దిగితే క్రాంకు బేరింగుల్ని తినేస్తుంది.

ఆయిల్ దారులు, నీళ్ల దారులు, బోర్లు (పిస్టన్లు ఆడే రంధ్రాలు) గుడ్డతో మూసి, గాస్కెట్ రిమూవర్ పూసి కాసేపు నాననిచ్చి, మొద్దు అంచు స్క్రేపర్‌తో ఓపిగ్గా తీయాలి, ఆ తర్వాత తెల్లగుడ్డకి మరక అంటనంత వరకూ థిన్నర్‌తో తుడవాలి. బోల్టు రంధ్రాల్ని అసలు మర్చిపోకూడదు. ఆ వ్యానులో ఒక రంధ్రం అడుగున కూలెంటూ ఆయిలూ కలిసిన జిగురు నిలిచి ఉంది. అలాగే బోల్టు బిగిస్తే ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకే పగలొచ్చు, టార్క్ రెంచ్ (ఎంత బలంగా బిగించామో చూపే పానా) అంకె సరిగ్గా చూపించినా హెడ్ మీద పట్టు మాత్రం పడదు.

ఓనర్లకి ఒక్క మాట. సాయంత్రానికల్లా బండి కావాలని మెకానిక్ మీద కూర్చోకండి, హెడ్ ఎక్కించే ముందు బ్లాకు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూపించమని అడగండి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ నేర్పే మాస్టార్లు కూడా పిల్లల చేత ఈ కొలత చేయించాలని నా కోరిక.

ఆ వ్యాను ఇంజిన్ పూర్తిగా దించి బ్లాకుని ఫేసింగ్‌కి పంపాం. తిరిగొచ్చాక పిస్టన్లు బ్లాకు ఫేసు కంటే ఎంత పైకి లేస్తున్నాయో కొలిచి, దానికి సరిపడే మందం గాస్కెట్ వేయాలి.

— ఒక డీజిల్ మెకానిక్, విజయవాడ